తోడు

పాకెట్టు ఇచ్చింది నేనే.
అరచేతంత నల్లపొడి,
మీద చెనిక్కాయ బొమ్మ, కింద గడువు తేదీ.
"ఇందులో కోట్ల ప్రాణాలుండాయి పెద్దమ్మా,
బెల్లం నీళ్లలో కలిపి విత్తనాలకు పట్టించి
నీడన ఆరబెట్టు" అని
నేర్చుకున్నదంతా ఒప్పజెప్పినాను.
దస్తగిరమ్మ దాన్ని చెవి దగ్గర ఆడించి చూసింది.
"ఏమీ పలకవే," అనింది.

చెప్పనిది ఒకటుంది.
ఆ పెట్టె వైశాఖమంతా
మా ఆఫీసు రేకుల గదిలో ఉండింది.
వేంపల్లె ఎండకు ఆ గదిలో
బల్లి కూడా గోడ దిగి నేలమీద పడుకుంటాది.
తేదీ బతికే ఉంది.
లోపలివాళ్ల సంగతి నేను అడగలేదు.

పదునైంది. గొర్రు తోలినారు.
పదేండ్లు బీడున్న గరుగు నేల.
నెల తిరిగేసరికి చేను
కామెర్లొచ్చిన కన్ను మాదిరి తేలింది.
ఆమె ఒక మొక్కను పీకి
వేరు దులిపి నా ముందర పట్టింది.
ఒక్క బుడిపె లేదు.
పూసలు రాలిపోయిన దారం.

"నీ కోట్ల మంది యాడికి పోయినారు నాయనా?"

గట్టుకు అవతల చౌడప్ప చేను
నల్లపచ్చగా ఊగుతాండాది.
ఇరవై ఏండ్లుగా అక్కడ చెనిక్కాయే.
పదకొండేండ్లుగా ఈ రెండిళ్లకూ మాటల్లేవు.
గట్టురాయి మూరెడు జరిగిందని ఆమె,
జరగలేదని ఆయన.

నేను ఆ రాయి మీదనే కూచోని ఉండినాను.
ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు
చుట్లు చుట్లుగా ఉంటాదది.
ఈ సీమ లోతు లేని సముద్రమై ఉన్నప్పుడు
కంటికి ఆనని జీవులు
పొర మీద పొర పండుకొని, ఎండ తాగి,
గాలిలోకి ఊపిరి వదిలి వదిలి
రాయిగా మిగిలినాయి.
మేకకు ముందు, గడ్డికి ముందు,
పేరు పెట్టే నోరు పుట్టకముందు.
ఆ ఊపిరే తిరిగి తిరిగి వచ్చి
ఇప్పుడు సర్వేయరును తిట్టడానికి పనికొస్తాంది.

ఆ సాయంత్రం ఆమె
ఇత్తడి గిన్నె పట్టుకొని గట్టు దాటింది.
దీపం పెట్టినాక తోడు ఇయ్యరు గదా,
పొద్దుండగానే పోయింది.
"చౌడప్పా, నీ చేని మన్ను కావల్ల. గిన్నెడు."

ఆయన గిన్నె వైపు చూసినాడు,
రాయి వైపు చూసినాడు,
రాయి మీదున్న నా వైపు చూసినాడు.
పాలకు తోడడిగితే
పగవాడైనా లేదనడు మా పక్క.
మన్నుకు తోడడిగితే ఏమనాల్నో
ఆయనకెవరూ నేర్పలేదు.

చివరికి వంగి
మొక్క మొదట్లో తడి ఉన్న చోటు చూసి
చేత్తోనే తవ్వి పోసినాడు.
"ఎండ తగలనీయాకు."
అంతే.

నీళ్లలో కలిపి వేళ్ల పక్కన పోస్తే
నాలుగు సాళ్లకే సరిపోయింది.
మూడు వారాలకు ఆ నాలుగే
మిగతా చేనును వదిలి పచ్చబడినాయి.
ఆమె వేరు పీకింది.
ఈసారి పూసలు.
ఒకదాన్ని గోటితో చీల్చింది. లోపల ఎరుపు.

"నెత్తురా?"
నెత్తురుకు దాయాది పెద్దమ్మా.
గాలిని ఎరువు చేసే ఇంట్లో
ఊపిరిని కొలిచి వడ్డించే ఎరుపు అది.
చెట్టు వాళ్లకు తీపి పెడతాది,
వాళ్లు చెట్టుకు సత్తువ పెడతారు.

"కాయితం రాసుకున్నారా?" అనడిగింది,
గట్టురాయిని చూస్తా.

ఆ రాత్రి ఇంట్లో పాలు తోడు పెడతా
చెంచాను గిన్నె మీద కాసేపు ఆపినాను.
ఇది నిన్నటిది. నిన్నటిది మొన్నటిది.
మొదట ఎవరింటి గడపలో అడిగిందో
మా అమ్మకూ తెలీదు.

పొద్దున్నే పోయి
మిగిలిన పాకెట్లను నీళ్లకుండ పక్కకు మార్చినాను.
రేకుల గది సంగతి
దస్తగిరమ్మకు ఇంకా చెప్పలేదు.